అన్న కోసిన జమునియా

ఆబిడ్స్ పెద్ద రోడ్డు మీద ఒక చెప్పుల దుకాణానికీ, దాని పక్క బట్టల దుకాణానికీ నడుమ సన్నటి సందు ఉంది. ఎదురుగా మనిషి వస్తే గోడకు ఒరిగి దారివ్వాలి. ఆ సందు చివర, మేడమెట్ల కింద, మా అన్న రాళ్ళకు సానపట్టేవాడు. వజ్రాలు, కెంపులు కాదు. హకీకు, స్ఫటికం, జమునియా, పులికన్ను. నగల దుకాణాల వాళ్ళు అద్దాల బీరువాలో అన్నిటికన్నా కింది అరలో పెట్టే రాళ్ళు.

నేను నాంపల్లిలో ఒక సర్కారు ఆఫీసులో పనిచేసేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. అన్న, వదినె, వాళ్ళ బిడ్డ, నేను, నలుగురం అక్కడే ఒక కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. సాయంత్రం ఆఫీసు వదలగానే నడుచుకుంటూ ఆ సందుకే పోయేదాన్ని. మలుపు తిరగకముందే సానచక్రం గీరే చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు వినిపిస్తే అన్న బాగున్నట్టు. వినిపించని రోజుల్లో నా కాళ్ళు మెల్లగా పడేవి, లోపల ఏం చూడాల్సి వస్తుందో అని.

అన్న పోయి కొన్నేళ్ళయింది. నేను రిటైరయ్యాను. బిడ్డకు పెళ్ళయింది, ఇంట్లో ఇప్పుడు వదినె, నేనే. ఆబిడ్స్‌లో ఇప్పుడు నాకు పనేం లేదు. అయినా వారానికొకసారైనా ఏదో ఒక సాకుతో పోతాను.

మాది వర్షం మీద ఆధారపడిన ఊరు. నాయిన మక్కచేను నమ్ముకుని, అది ఎండితే కూలికి పోయేవాడు. అన్న పదో తరగతి తప్పి, పట్నం వచ్చి, నాంపల్లి స్టేషన్ దగ్గర పార్సిళ్ళు మోసే పనిలో చేరాడు. అక్కడికి దగ్గరలోనే, దర్గాకు పోయే దారిలో, ఒక ముసలాయన రాళ్ళకు సానపడుతూ ఉండేవాడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. అన్న చాయ్ తాగడానికి ఆగి, ఆయన చేతుల్ని చూస్తూ నిలబడిపోయేవాడట. ఒకరోజు ఉస్తాద్ తల ఎత్తకుండానే, "నిలబడి చూస్తే ఏమొస్తది బేటా, కూసోని చూడు" అన్నాడు. అన్న కూర్చున్నాడు. మళ్ళీ పార్సిళ్ళ దగ్గరికి పోలేదు.

నేను ఇంటర్ చదవడానికి పట్నం వచ్చేనాటికి అన్నకు పని బాగా వచ్చేసింది. ఉస్తాద్ కళ్ళు మసకబారి దుకాణం మూస్తే, అన్న ఆయన సానచక్రం తెచ్చుకుని ఆబిడ్స్ సందులో పెట్టుకున్నాడు. కాలేజీ అయిపోయాక నేను ఆ మెట్ల కిందనే కూర్చుని చదువుకునేదాన్ని. చదువుకన్నా రాళ్ళు ఎక్కువ చూశాను.

హకీకు మొదట చూస్తే ఏమీ ఉండదు. ఉడకబెట్టిన ఆలుగడ్డ లాగా మట్టిరంగులో, ముడతలు పడి ఉంటుంది. అన్న దాన్ని కోసి, తడి చేసి చూపిస్తే లోపల చారలు. తెలుపు, బూడిద, కాఫీరంగు, ఒకదాని చుట్టూ ఒకటి. నల్లటి దానిమీద తెల్లచార ఉంటే సులేమానీ అనేవాళ్ళు, దిష్టి తగలదని చిన్నపిల్లల మెడలో కట్టేవాళ్ళు. ఎర్రహకీకు కోసం దర్గాకు వచ్చినవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు, కోపం తగ్గుతుందని. స్ఫటికమాల కోసం పూజారులు వచ్చేవాళ్ళు. "స్ఫటికం అంటే గడ్డకట్టిన నీళ్ళే. కొండల మీద మస్తు సలికి గట్టిగ గడ్డకట్టి ఇంక కరుగుడు మరిచిపోయిందట" అని ఉస్తాద్ చెప్పిన మాటను అన్న నాకు చెప్పేవాడు. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. కానీ మే నెల ఎండలో స్ఫటికాన్ని అరచేతిలో పెట్టుకుంటే అబద్ధమనిపించేది కాదు.

ఒకసారి నా చేతిగడియారం మీద ఇంగ్లీషులో క్వార్ట్జ్ అని రాసి ఉంటే అదేందని అడిగాడు. నేను మా కెమిస్ట్రీ మేడమ్‌ను అడిగి వచ్చి చెప్పాను. గడియారం లోపల చిన్న స్ఫటికపు ముక్క ఉంటుందనీ, బ్యాటరీ తగిలితే అది వణుకుతుందనీ, ఆ వణుకును బట్టే ముల్లు కదులుతుందనీ. జమునియా, హకీకు, మన చెలకల్లో దొరికే తెల్ల పలుగురాయి, అన్నీ ఆ జాతివేనని కూడా చెప్పాను.

"పలుగురాయి గూడనా?" అన్నాడు అన్న.

"ఔ. రంగులొక్కటే వేరు."

"మరి గిన్ని రోజులు నేను కోసేది మన చెలకల రాయేనా!" అని ఎంత నవ్వాడో. చెలకలో నాగలికి తగిలి నాయిన తిట్టుకుంటూ గట్టు మీదికి విసిరేసే రాయి అది. ఆ తర్వాత సందులోకి ఎవరొచ్చినా నా గడియారం చూపించి, "గిండ్ల గూడ మన రాయే" అని చెప్పేవాడు. నాకు సిగ్గయ్యేది. ఇప్పుడు ఎవరైనా గడియారం చూసుకుంటుంటే నేనే ఆ మాట చెప్పబోయి ఆగిపోతుంటాను.

ఆదివారాలు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంకు పోయేవాళ్ళం. అన్నకు విగ్రహాలు, కత్తులు పట్టేవి కాదు. పాత దిబ్బల్లో తవ్వితే దొరికిన ఎర్రపూసలు ఒక అద్దాల పెట్టెలో ఉండేవి, అవి కూడా హకీకే. కరెంటు లేని కాలంలో అంత సన్నటి బెజ్జం ఎట్లా వేశారో అని ముక్కు అద్దానికి ఆనించి చూసేవాడు. "ఎవనిదో చెయ్యి. గా చెయ్యి లేదు, పూస ఉన్నది" అనేవాడు. కాపలా ఆయన వచ్చి జరగమనేదాకా కదిలేవాడు కాదు.

జమునియా సంగతి వేరు. అల్లనేరేడు పండు రంగులో ఉంటుంది కాబట్టి ఉర్దూలో ఆ పేరు. శనికి నీలం కొనలేనివాళ్ళు దాని బదులు ఇది పెట్టుకుంటారు. కానీ అన్న దగ్గరికి జమునియా కోసం వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, వాళ్ళు శని కోసం వచ్చేవాళ్ళు కాదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సందులో అటూ ఇటూ చూసి, మెల్లగా అడిగేవాళ్ళు. "అన్నా, తాగుడు మాన్పే రాయి ఉంటదంట గదా?"

ఇది కూడా ఉస్తాద్ చెప్పిన కథే. యూనాన్‌లో, అంటే గ్రీకు దేశంలో, బాద్షాలు జమునియాను గిన్నెలాగా తొలిచి, అందులో శరాబు పోసుకుని తాగేవాళ్ళట. ఎంత తాగినా నిషా ఎక్కేది కాదట. ఆ మాట ఎక్కడెక్కడ తిరిగి ఎట్లా వచ్చిందో గానీ, బేగంబజార్‌లో హమాలీ పనిచేసేవాళ్ళ భార్యల దాకా వచ్చింది. అన్న వాళ్ళతో వాదించేవాడు కాదు. "నమ్మి ఏసుకుంటే మంచిదే అమ్మా. ఆయన గూడ నమ్మాలె" అని, చిన్నదైనా రంగు మంచిగున్న రాయి వెతికి, శ్రద్ధగా కోసి ఇచ్చేవాడు. జమునియాలో రంగు అంతటా ఒక్కతీరుగా ఉండదు. ఒక మూలనే చిక్కగా ఉంటుంది. ఆ మూల అడుగుకు వచ్చేటట్టు కోస్తే రాయంతా ఊదాగా కనిపిస్తుంది. "రంగు కిందికి పోవాలె చెల్లె, పైకి ఉంటే తేలిపోతది" అనేవాడు.

అట్లాంటి మనిషే తాగడం మొదలుపెట్టాడు.

ఎప్పుడు మొదలైందో ఫలానా రోజని చెప్పలేను. ఉస్తాద్ పోయాక, మిషన్ మీద కోసిన రాళ్ళు సంచులకొద్దీ రావడం మొదలై గిరాకీ తగ్గాక, నడుం నొప్పి అని, వేళ్ళు లాగుతున్నాయని సాయంత్రం పూట కొంచెం. తర్వాత మధ్యాహ్నం కూడా. చప్పుడు వినిపించని సాయంత్రాలు ఎక్కువయ్యాయి. మెట్ల కింద గోడకు ఒరిగి, కాళ్ళు చాపుకుని, నన్ను చూసి చిన్నపిల్లాడిలాగా నవ్వేవాడు. కొట్టడం, తిట్టడం లేదు. మా ముందే కొద్దికొద్దిగా లేకుండా పోతున్నాడు, అంతే.

ఆయన బిడ్డ అప్పుడు ఏడో తరగతి. బడిలో నాయినను తీసుకురమ్మంటే నన్ను తీసుకుపోయింది. "నాన్న రాలేదా?" అని టీచరమ్మ అడిగితే, "ఊరికి పోయిండు మేడమ్" అంది, కళ్ళు కూడా ఆర్పకుండా. ఇంటికి వచ్చి ఆ సంగతి వదినెకు చెప్పాను. వదినె బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉంది. చేట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని లేచింది.

మర్నాడు శనివారం, నాకు ఆఫీసు సగం పూటే. నేను సందులోకి పోయేసరికి వదినె అక్కడ నిలబడి ఉంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఆమె ఆ దుకాణం మొహం చూడలేదు. ఇప్పుడు కొంగు తల మీదికి లాక్కుని, మిగిలిన ఆడవాళ్ళు నిలబడే చోటే నిలబడింది.

"నాకొక జమునియా గావాలె" అంది.

అన్న సానచక్రం ఆపాడు. "గిదేందే, నువ్వెందుకొచ్చినవ్?"

"రాయికొచ్చిన."

"ఎవరికి?"

"మా ఇంటాయనకు."

అన్న నా వైపు చూశాడు. సందులో ఎవరో పోతూ గోడకు ఒరిగి నిలబడి, మళ్ళీ కదిలి పోయారు. అన్న కిందికి చూస్తూ, గిరాకీలకు చెప్పినట్టే, "రేపు రా" అన్నాడు.

"రేపు రాను. గిప్పుడే కొయ్యి. నేను గీడనే కూసుంట."

మెట్టు మీద కూర్చుంది. అన్న డబ్బా మూత తీసి రాళ్ళు వెతికాడు. చేతులు వణుకుతున్నాయి. అది తాగే వేళ, తాగకపోతే చేతులు నిలవవు. లక్కను దీపం మీద కాచి, రాయిని కర్రముక్క చివర అతికించబోతే రెండుసార్లు జారి పడింది. వదినె వంగి తీసి ఇచ్చింది. మూడోసారి ఆమె కర్రను పట్టుకుంది, ఆయన అతికించాడు. అట్లా మొదలైంది. ఎండ సందులోంచి తప్పుకునేదాకా కోశాడు. రాయి మీద ఒక్కో పలక దిద్దాక చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, వణుకు తగ్గేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. మధ్యలో ఒకసారి, "గొంతు ఎండిపోతుంది, పోయొస్త" అన్నాడు. వదినె తన సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చింది. తాగాడు.

రాయి గొప్పగా రాలేదు. ఒక పక్క పలకలు వంకరపోయాయి. అన్న జీవితంలో కోసిన వాటిలో అంత నాసిరకం ఇంకొకటి లేదనుకుంటాను. వదినె దాన్ని కొంగుకు ముడేసుకుంది. వెండి ఉంగరంలో పొదిగించి, ఆయన కుడిచేతికి తొడిగింది.

మానేశాడా అంటే వెంటనే కాదు. ఆ మొదటి రోజులు ఎట్లా గడిచాయో. నిద్ర లేదు, అన్నం లేదు, గోడ మీద ఏవో పాకుతున్నాయని అరుపులు. దవాఖానకు తీసుకుపోతే మందులిచ్చారు. తగ్గాక ఒకసారి మళ్ళీ తాగి వచ్చాడు. వచ్చి వాకిట్లో కూర్చుని ఏడ్చాడు. ఆ తర్వాత తాగలేదు.

చాలా రోజులకు నాతో అన్నాడు. "మీ వదినె తెలివి జూడు చెల్లె. గ్లాసు పట్టే చేతికే తొడిగింది. ఎత్తితే ఉంగరం మూతికి తగుల్తుండె. సల్లగ. గా సల్లదనం తగిలితే మీ వదినె మెట్టు మీద కూసున్నది గుర్తొచ్చేది."

మంచిగా తిని ఒళ్ళు చేశాడు. వేలు లావెక్కి ఉంగరం పట్టేసింది. వదినె దాన్ని సబ్బు రాసి తీసి, పెద్దది చేయమని అవుసలాయన దగ్గరికి తీసుకుపోయింది. ఆయన పెళ్ళిళ్ళ పనుల తొందరలో ఉన్నాడు. రాయి తీయకుండానే వెండికి మంట పెట్టాడు. తిరిగి తెచ్చుకుని చూస్తే ఊదారంగు లేదు. పలచటి చాయ్ నీళ్ళ రంగు రాయి ఉంది.

వదినె ఇంటికి పోకుండా తిన్నగా మా ఆఫీసుకు వచ్చింది. గేటు దగ్గర నిలబడి పిడికిలి తెరిచి చూపించింది. "పిల్లా, రంగు పోయింది. గిప్పుడెట్ల? మల్ల మొదలుపెడ్తడేమో."

"రాయి మార్చిండేమో అవుసలాయన" అన్నాను.

"లేదు. వంకర అట్లనే ఉన్నది చూడు."

ఇద్దరం కలిసి సందుకు పోయాం. అన్న ఉంగరాన్ని వెలుగుకు పట్టి చూశాడు. మేం ఇద్దరం ఆయన ముఖమే చూస్తున్నాం. "మంట తగిలితే జమునియా పసుపుపచ్చగ సునేలా అయితది" అన్నాడు. "కొందరు కావాలనే కాల్చి, పసుపురాయని గురుగ్రహం కోసం వచ్చేటోళ్ళకు అమ్ముతరు. గిదేం కొత్త గాదు."

"అయితే గిప్పుడు పనిచేస్తదా?" అంది వదినె.

అన్నకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వలేదు. ఉంగరం వేలికి తొడుక్కుని, "నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నాడు.

"గిన్నాళ్ళు రాయి వల్లనే గాదా మరి?"

"రాయి గూడ. నువ్వు గూడ. మందులు గూడ. నాకేం ఎరుక, ఏది పనిచేసిందో? గీ రంగు గూడ మంచిగనే ఉన్నది."

"నాకు ఊదాదే గావాలె."

"సరే. ఇంకొకటి మంచిగ కోసిస్త. గిప్పుడు చెయ్యి వణుకుత లేదు గదా."

ఆ తర్వాత వచ్చినవి మా ఇంట్లో మంచి సంవత్సరాలు. బిడ్డ డిగ్రీ చదివి బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగంలో చేరింది. ఆమె మొదటి జీతం రోజున మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీమ్ తిన్నాం. ఆ రాతి గోడలను వేళ్ళతో తడిమి చూస్తూ, "గిది మనకు సానకు పనికిరాదు గని, కట్టినోడు మంచిగ కట్టిండు" అన్నాడు అన్న. బిడ్డ ఆయన చెయ్యి పట్టుకునే నడిచింది. అందరిలో, రోడ్డు మీద, నాయిన చెయ్యి పట్టుకుని. నాకు ఆ రోజే మళ్ళీ కావాలనిపిస్తుంది. ఇంకేం అక్కర్లేదు, ఆ నడక చాలు.

దగ్గు మొదలైనప్పుడు చలికాలం దగ్గనుకున్నాం. ఎండాకాలం వచ్చినా పోలేదు. మెట్లెక్కితే ఆయాసం. చిక్కిపోయాడు. టీబీ అనుకుని మందులు వాడాం, తగ్గలేదు. చివరికి ఛాతీ దవాఖానలో ఒక డాక్టరు ఎక్స్‌రేను తెల్లటి వెలుగు ముందు పెట్టి, చాలాసేపు చూసి, "ఏం పని చేస్తరు?" అని అడిగాడు.

"రాళ్ళకు సానపడ్త సార్."

"ఎన్నేండ్ల నుంచి?"

"మీసాలు రాకముందు నుంచి."

"ముక్కుకు గుడ్డ కట్టుకుంటరా?"

"కట్టుకుంటే ఊపిరాడదు సార్. పనిల తొందరుంటే నీళ్ళు గూడ తక్కువ పోస్తం."

డాక్టరు ఓపికగా చెప్పాడు. ఈ జాతి రాయి పొడి పిండికన్నా సన్నగా ఉంటుంది. పీల్చింది లోపలికి పోయి అక్కడే ఉండిపోతుంది. ఊపిరితిత్తులు దాని చుట్టూ గట్టిపడతాయి. పోయినదాన్ని తీయలేం, ఇంక పోకుండా చూడొచ్చు. ఆ పని వెంటనే మానేయాలి.

అన్న అంతా విని అడిగాడు. "అయితే నా లోపల గూడ పలుగురాళ్ళేనా సార్?"

డాక్టరు నవ్వాలా వద్దా అని ఆగాడు. అన్నే నవ్వాడు, నవ్వు దగ్గుగా మారింది. బయట చెట్టు కింద కూర్చున్నాక వదినె ఒక్కసారిగా అంది. "తాగుడు మానకపోతే తాగుడే తీస్కపోతుండె. మానితే గిది. నేనేం జెయ్యాలె ఇంక?" అన్న ఆమె వీపు నిమిరాడు. "మంచిగ బతికినం గదే గిన్నేండ్లు. నువ్వే గద బతికించినవ్" అన్నాడు. ఆమె ఏడుపు ఆపలేదు.

దుకాణానికి తాళం వేశాం. ఇంట్లో ఖాళీగా కూర్చోవడం ఆయనకు చాతకాలేదు. వేళ్ళు ఊరికే కదులుతూ ఉండేవి, కర్రకు అతికించిన రాయిని తిప్పినట్టు. ఆక్సిజన్ మిషన్ తెచ్చుకున్నాం. దాని చప్పుడు ఇల్లంతా ఉండేది.

ఒక మధ్యాహ్నం వదినె మార్కెట్‌కు పోయింది. నేను పక్కన కూర్చుని పేపరు చదివి వినిపిస్తుంటే అన్న ఆపమన్నాడు.

"చెల్లె, గుర్తుందా? చిన్నప్పుడు గొంగడి కప్పుకొని పలుగురాళ్ళు కొట్టుకుంటుంటిమి?"

గుర్తులేకపోవడమేంది. చెలక గట్టు మీంచి రెండు తెల్లరాళ్ళు తెచ్చుకుని, పట్టపగలు నాయిన గొంగడి కిందికి దూరి, చీకటి చేసుకుని, ఒకదాన్ని ఒకటి రాసేవాళ్ళం. రాయి లోపల వెలుగు పుట్టేది. నిప్పురవ్వ కాదు, లోపలే పుట్టి లోపలే ఆరిపోయే పసుపు వెలుగు. కాలిన వాసన వచ్చేది. అమ్మ వచ్చి గొంగడి లాగేసేది.

"ఒకసారి చూడాలనుంది" అన్నాడు.

నేను బయటికి పోయాను. నాంపల్లిలో పలుగురాళ్ళు ఎక్కడుంటాయి? రెండు వీధులవతల ఒక బంగళా ముందు పూలచెట్ల చుట్టూ తెల్లరాళ్ళు పేర్చి ఉండేవి. కాపలా ఆయనను అడిగితే వింతగా చూసి రెండు ఇచ్చాడు. ఇంటికి వచ్చి, ఆక్సిజన్ గొట్టం కొద్దిసేపు తీసి, మిషన్ ఆపేసి, దుప్పటి ఇద్దరి మీదా కప్పాను. నాకు యాభై దాటాయి, ఆయనకు ఇంకా ఎక్కువ. రాళ్ళు ఆయన చేతికిచ్చాను. రుద్దడానికి చాలినంత బలం లేదు. తిరిగి నాకిచ్చాడు. గట్టిగా రుద్దాను. మొదట ఏమీ లేదు. మళ్ళీ రుద్దాను. వెలిగింది. ఆ వెలుగులో అన్న ముఖం కనిపించలేదు, అంత వెలుగు కాదు అది. పక్కన ఆయన గబగబా పీల్చే ఊపిరి మాత్రం ఒక్క క్షణం ఆగినట్టు అనిపించింది.

"ఉన్నది" అన్నాడు. "ఇంకొకసారి."

ఆయాసం ఎక్కువయ్యేదాకా రుద్దాను. తర్వాత దుప్పటి తీసి, గొట్టం పెట్టి, మిషన్ వేశాను. ఇద్దరికీ చెమటలు. వదినె వచ్చి, "ఏందీ వాసన?" అని అడిగితే ఇద్దరం ముఖాలు చూసుకుని నవ్వుకున్నాం.

వానలు మొదలయ్యాక అన్న పోయాడు. పొద్దున చాయ్ తాగి, కిటికీ తెరవమన్నాడు. నేను తెరిచి వెనక్కి తిరిగేసరికి తల ఒరిగిపోయింది.

సందులోని జాగా ఖాళీ చేయమంటే వదినె, నేను పోయి తాళం తీశాం. సానచక్రం మీద బూజు. బల్ల మీద కర్రముక్క, దాని చివర లక్కలో జమునియా. మంచి ముక్క, రంగు అడుగున చిక్కగా ఉంది. పైన కొన్ని పలకలు తీర్చినట్టున్నాయి, మిగతా సగం మొరటుగానే ఉంది. వదినెకు ఇస్తానన్నది అదే. గిరాకీల పనుల్లో పడి ఏళ్ళకొద్దీ వాయిదా వేసి, దగ్గు ముదిరిన రోజుల్లో కూర్చుని కోసింది అంతవరకే.

"చార్మినార్ దిక్కు కోసేటోళ్ళున్నరు. పూర్తి చేయిద్దామా వదినె?" అన్నాను.

వదినె దాన్ని కర్రతో సహా ఒళ్ళో పెట్టుకుంది. "వద్దు. ఇంకొకరి చెయ్యి పడొద్దు" అంది. సానచక్రం బేగంబజార్ నుంచి ఒకాయన వచ్చి తీసుకుపోయాడు. ముక్కుకు గుడ్డ కట్టుకోమని, నీళ్ళు ఎక్కువ పోయమని ఆయనకు మరీమరీ చెప్పింది వదినె. ఆయన తల ఊపాడు.

ఆ మెట్ల కింద ఇప్పుడు మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. మొన్న ఆబిడ్స్‌లో ఒక కొత్త దుకాణం కనిపించింది. మెత్తటి దీపాలు, ఏసీ, సన్నగా సంగీతం. గాజుగిన్నెల్లో రాళ్ళు. గులాబీరంగు స్ఫటికం ప్రేమకు, ఊదాది నిద్రకు, పసుపుది పైసలకు అని చీటీలు పెట్టారు. కాలేజీ పిల్లలు చేతులకు గొలుసులు కొనుక్కుంటున్నారు. నేను నవ్వలేదు. మెట్ల దగ్గర కొంగు అడ్డం పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు గుర్తొచ్చారు. ఎవరి కష్టానికి వాళ్ళు రాయి వెతుక్కుంటారు.

నా పక్కన ఒక అమ్మాయి ఊదారాయిని పట్టుకుని అటూ ఇటూ తిప్పుతోంది. "ఆంటీ, ఇది ఒరిజినలేనా? ఎట్లా తెలుస్తది?" అని అడిగింది, నేను అడగదగిన మనిషిలాగా కనిపించాను కాబోలు.

"చెంపకు ఆనించు. గాజైతే కొంచెం సేపట్ల వేడెక్కుతది. రాయైతే సల్లగనే ఉంటది" అన్నాను. ఎప్పుడో ఒక పగలు, పని లేక కూర్చున్నప్పుడు అన్న చెప్పిన మాట. మళ్ళీ ఎన్నడూ తలుచుకోలేదు. నోట్లోంచి ఆయన యాసలోనే వచ్చింది.

ఆ పిల్ల ఆనించి చూసుకుని, సందేహంగా నాకిచ్చింది. నేను నా చెంపకు ఆనించుకున్నాను. చల్లగా ఉంది. "అసలుదే" అని తిరిగిచ్చేశాను. ఆమె బిల్లు కట్టి పోయింది. దుకాణం అమ్మాయి వచ్చి ఏం కావాలని అడిగితే ఏం వద్దని బయటికొచ్చి ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. బస్సులు, హారన్లు, చెప్పుల దుకాణం ముందు పిలుపులు. వదినెకు ఫోన్ చేశాను.

"ఏడున్నవ్ పిల్లా?"

"ఆబిడ్స్‌ల."

"మల్లనా? ఏం కొన్నవ్?"

"ఏం కొనలే. ఊకెనే. అన్న యాదికొచ్చిండు."

అటు నుంచి కుక్కర్ విజిల్ వినిపించింది. "నేను పప్పు పెట్టిన, జల్ది రా. ఒక్కదాన్నే తినబుద్ధి గాదు" అంది వదినె.

నాంపల్లి బస్సు వచ్చింది. నిండుగా ఉంది. అయినా ఎక్కాను.